మేం పారేసిన మూట



చాన్నాళ్లుగా రాద్దాం రాద్దాం అనుకుంటూ వాయిదా వేస్తున్న సంగతి ఇది. ఒక వీడియో గేమ్ గురించి. గేముల మీద ఇక్కడ ఇంత పొడుగు పోస్టు పెడితే "ముందు చదువుకోండ్రా" అని పెద్దవాళ్లు తిడతారని తెలుసు. తిట్టండి. చివరిదాకా చదివాక తిట్టండి.

మేం నలుగురం. ఒకే హాస్టల్, ఒకే గది. ఇద్దరం చింతూరు వైపు కోయలం, ఒకడు మారేడుమిల్లి పైన కొండరెడ్డి, ఒకడు సీతంపేట సవర. నలుగురిలో ఒక్కడి ఫోనే కాస్త మంచిది. ఆ ఫోన్లో రాత్రి భోజనాలయ్యాక వంతులవారీగా ఆడేవాళ్లం. ఒకడు ఆడితే ముగ్గురం మీదపడి చూస్తూ సలహాలిచ్చేవాళ్లం. సలహాలు ఎక్కువైనప్పుడు ఫోన్ విసిరికొట్టేంత కోపాలు కూడా వచ్చాయి, అదంతా వదిలేద్దాం.

ఆట పేరు డోంట్ స్టార్వ్. అంటే ఆకలితో చావొద్దు అని. కెనడాలోని క్లే ఎంటర్‌టైన్‌మెంట్ వాళ్లు 2013లో తెచ్చారు, తర్వాత ఫోన్లలోకి పాకెట్ ఎడిషన్‌గా వచ్చింది. విల్సన్ అనే ఒక సైంటిస్టు ఎవరూ లేని అడవిలో పడిపోతాడు. గడ్డి కోసుకోవాలి, పుల్లలేరుకోవాలి, మంట వేసుకోవాలి, ఏదో ఒకటి తినాలి. చస్తే మళ్లీ మొదటి రోజు నుంచే. మొదటిసారి చూడగానే మా సవర తమ్ముడు, "ఇదేం ఆటరా, సెలవులకి ఇంటికెళ్తే మేం చేసే పనే కదా" అన్నాడు. అందరం నవ్వాం.

కానీ మొదటి చలికాలంలోనే చచ్చాం. అదీ తిండి లేక.

ఎలా చచ్చామో చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. ఆటలో ఒక రోజంటే మన ఎనిమిది నిమిషాలు. ఆకురాలే కాలం 20 రోజులు, ఆ తర్వాత చలికాలం 15 రోజులు. చలికాలంలో పొదలకి పళ్లు కాయవు. ఆ సంగతి తెలిసి ముందే బోలెడంత పోగేశాం. పళ్లు, క్యారెట్లు, కుందేలు మాంసం, పెద్ద మాంసం ముక్కలు, అన్నీ చెక్కపెట్టెల్లో కుక్కాం. పెట్టెలు నిండాయి కాబట్టి గెలిచాం అనుకున్నాం. చలి మొదలయ్యాక తెరిచి చూస్తే పెట్టె నిండా నల్లటి కుళ్లు. ఆటలో ప్రతి తిండి వెనకా ఒక రంగు ఉంటుంది. ఆకుపచ్చ అంటే తాజా, పసుపు అంటే పాతబడింది, ఎరుపు అంటే పాడవబోతోంది. ఆ తర్వాత అది తిండి కాదు, ఎరువు. పెట్టెలో పెట్టినంత మాత్రాన ఆ రంగు మారడం ఆగదని మాకు తెలీదు.

అప్పుడు లెక్కలు నేర్చుకున్నాం. పచ్చి మాంసం 6 రోజులు. కాల్చిన మాంసం 10 రోజులు. ఎండబెట్టిన మాంసం, అంటే ఆటలో జర్కీ అంటారు, 20 రోజులు. నేల మీద పడేస్తే ఒకటిన్నర రెట్లు తొందరగా పోతుంది, అంటే పచ్చి మాంసం నాలుగు రోజులే. ఐస్ బాక్స్ అని ఒకటుంది, మన ఫ్రిజ్ లాంటిది. అందులో పెడితే పాడయ్యే వేగం సగమవుతుంది. పచ్చి మాంసం 12 రోజులొస్తుంది.

మేం మొదట ఐస్ బాక్స్ వెంటే పడ్డాం. ఫ్రిజ్ అంటే గొప్ప కదా మన బుర్రల్లో. దానికి రెండు బంగారు ముక్కలు, ఒక చెక్క పలక, ఒక గేర్ చక్రం కావాలి. గేర్ కోసం ఇనుప గుర్రాల్లాంటి యంత్రాలతో కొట్లాడి రెండుసార్లు చచ్చాం. మా కొండరెడ్డి అన్న మాత్రం మెనూలో ఇంకోటి చూస్తూ కూర్చున్నాడు. మూడు పుల్లలు, రెండు బొగ్గులు, మూడు తాళ్లు. తాడంటే గడ్డి పేనినదే. పేరు డ్రయింగ్ రాక్. కట్టి చూస్తే రెండు గుంజలు, మధ్యలో దండెం, దాని మీద వేలాడుతున్న మాంసం ముక్క. రెండు రోజుల్లో ఆరిపోయింది. తీసి చూస్తే ఇరవై రోజుల ఆయుష్షు.

"ఇది మా ఇంట్లో పొయ్యి మీద దండెం కదరా" అన్నాడు చింతూరు వైపు మాలో ఒకడు.

ఆ తర్వాత ఎవరం మాట్లాడలేదు. ఎందుకో చెప్పడానికి కొంచెం వెనక్కెళ్లాలి.

హాస్టల్‌లో చేరిన మొదటి ఏడాది. వాడి అమ్మమ్మ (ఇప్పుడు మా నలుగురికీ అమ్మమ్మే) ఊరి మనిషితో ఒక గుడ్డమూట పంపింది. పండక్కి కోసిన మేక మాంసం. వేలెడు పొడుగు తునకలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, రెండు మూడు రోజులు ఎండలో, తర్వాత పొయ్యి పైన పొగలో ఆరబెట్టింది. మూట విప్పగానే గదంతా ఆ వాసన. పక్క గదుల వాళ్లు ముక్కులు మూసుకుని వచ్చారు. "ఏం చచ్చిందిరా మీ గదిలో" అన్నారు. ఒకడు వెళ్లి ఊదుబత్తి తెచ్చి మా తలుపు ముందు వెలిగించాడు. ఆ నవ్వులు ఇంకా గుర్తే. ఆ రాత్రి లైట్లు ఆర్పాక మూట పట్టుకెళ్లి హాస్టల్ వెనక ముళ్లపొదల్లో పారేశాం. ఒక్కడు కాదు, నలుగురం కలిసి వెళ్లాం. మర్నాడు ఫోన్లో అమ్మమ్మ "తిన్నారా బిడ్డా?" అంటే "తిన్నాం, మస్తుగుంది" అని నలుగురం వంతులవారీగా చెప్పాం. దాంతో ఆమె రెండు నెలలకి ఇంకో మూట పంపింది. అదీ అక్కడికే పోయింది.

ఇప్పుడు అదే తునక కోసం ఫోన్లో తెల్లార్లూ కూర్చుని కుందేళ్లకి ఉచ్చులు పెడుతున్నాం.

ఇంకో లెక్క చెప్తాం, బాగుంటుంది. విల్సన్ కడుపు రోజుకి 75 పాయింట్లు ఖర్చు చేస్తుంది. ఒక జర్కీ తింటే 25 వస్తుంది. అంటే రోజుకి మూడు తునకలు. చలికాలం 15 రోజులు కాబట్టి 45 తునకలు. ఒక రాక్ మీద ఒకసారికి ఒక ముక్కే ఆరుతుంది, రెండ్రోజులు పడుతుంది. ఆరు రాకులుంటే రోజుకి మూడొస్తాయి. అయితే 45 అవ్వాలంటే పదిహేను రోజులు ఆరబెడుతూనే ఉండాలి. మరీ ముందు మొదలుపెడితే మొదట ఆరినవి చలికాలం మధ్యలో పాడైపోతాయి. మరీ ఆలస్యం చేస్తే సరిపడా ఉండవు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎన్ని ఆరాక ఆపాలి, ఏవి ముందు తినాలి, ఇదంతా కాయితం మీద వేసుకున్నాం. ఇంటర్ ఎంపీసీలో కూడా అంత శ్రద్ధగా లెక్కలు చేయలేదు. ఈ లెక్కంతా మా అమ్మమ్మలు కాయితం లేకుండా చేస్తున్నారు. వానలు పడకముందే ఏం ఆరాలి, ఎంత ఆరాలి, నాట్ల రోజుల్లో ఏ కుండ మూత తీయాలి, ఏది శ్రావణం దాకా ముట్టుకోకూడదు.

ఇంకో తమాషా ఉంది. ఆటలో కడుపుతో పాటు బుర్రకి కూడా ఒక మీటరుంటుంది. పచ్చి మాంసం తింటే బుర్ర 10 తగ్గుతుంది. కాల్చింది తింటే పెరగదు, తగ్గదు. జర్కీ తింటే 15 పెరుగుతుంది. ఎందుకో ఆటలో చెప్పరు. ఇంటి వాసన వల్లే అని మా సవర తమ్ముడి వాదన. వాడిదెప్పుడూ అంతే.

మా సీనియర్ అన్న ఒకాయన ల్యాప్‌టాప్‌లో వింటేజ్ స్టోరీ అని ఇంకో ఆట చూపించాడు. అందులో మట్టితో కుండ చేసి, కాల్చి, వండిన కూర అందులో పోసి, మూతిని కొవ్వుతోనో తేనెమైనంతోనో మూసేస్తారు. నేలమాళిగలో పెడితే ఇంకా ఎక్కువ రోజులుంటుంది. అది చూస్తే పాతర గుర్తొచ్చింది. గింజలు గోతిలో పోసి పైన మట్టితో మెత్తేవాళ్లని తాతలు చెప్పిన పాతర. డోంట్ స్టార్వ్‌లోనే నలుగురూ కలిసి ఆడే ఇంకో రకముంది, అందులో ఉప్పుపెట్టె వచ్చింది. సముద్రంలోకి పడవ మీద పోయి ఉప్పు తెచ్చి పెట్టె చేసుకుంటే పాడవడం నాలుగో వంతుకి పడిపోతుంది. ఫ్రిజ్ కంటే ఉప్పే మేలని ఆట చెప్తోంది. అడవిలో అన్నీ దొరుకుతాయి, ఉప్పు దొరకదు. అందుకే సంతలో ఉప్పు కోసం చింతపండు గంపలకి గంపలు ఇచ్చేసి వచ్చిన ముచ్చట్లు మన ముసలోళ్ల దగ్గర ఎన్ని లేవు!

ఇక ఆట చెప్పనివి కూడా ఉన్నాయి. అవి తెలుసుకోవడానికి అమ్మమ్మకి ఫోన్ చేశాం. మూట సంగతి చెప్పకుండా, "అమ్మమ్మా, మాంసం ఆరిందని ఎట్ల తెలుస్తది?" అని అడిగాం. ఆటలోనైతే బొమ్మ మారుతుంది. ఆమె అంది, "వంచి చూడాలె బిడ్డా. సాగితే ఇంకా నీళ్లున్నట్టు. విరగాలె." కొవ్వు ఎందుకు తీసేస్తావంటే, "కొవ్వు చేదెక్కుద్ది" అంది. తర్వాత మా మైక్రోబయాలజీ అక్కని అడిగితే అవే మాటలు వేరేగా చెప్పింది. బూజుకీ బ్యాక్టీరియాకీ బతకడానికి తడి కావాలి. ఎండ ఆ తడిని తీస్తుంది, ఉప్పు లోపలి నీటిని బయటికి లాగుతుంది, పొగ పైన పొరలా పట్టి ఈగల్నీ బూజునీ దూరంగా ఉంచుతుంది. కొవ్వు ఎండదు, గాలి తగిలి చెడుతుంది. ఫ్రిజ్ ఏదీ చంపదు, వాటి పని నెమ్మది చేస్తుందంతే. కరెంటు పోతే మళ్లీ మొదలు.

కరెంటు పోవడమంటే ఏంటో మా చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిందే, అప్పుడు మాలో ఇద్దరం ఊళ్లోనే ఉన్నాం. రాత్రికి రాత్రి గుట్టెక్కాం. టార్పాలిన్ల కింద రోజులు గడిపాం. కరెంటు లేదు, దారి లేదు. కిరాణా కొట్టు బాబాయి ఫ్రిజ్ నీళ్లలో తేలిందని చెప్పుకుని నవ్వుకున్నాం కూడా, ఏడవలేక. గుట్ట మీదికి అమ్మమ్మ మోసుకొచ్చినవి మూడే: ఆనపకాయ బుర్రలో విత్తనాలు, ఎండిన ఇప్పపువ్వు మూట, వెదురు బుట్టలో ఎండుచేపలు. సాయం అందేదాకా ఎండుచేపల పులుసే. అప్పుడు ఎవ్వరూ ముక్కు మూసుకోలేదు. అది తిని బతికినవాళ్లమే ఆ తర్వాత హాస్టల్‌కొచ్చి మూట పారేశాం. ఇది రాస్తుంటే చేతులు ఆగుతున్నాయి.

ఆటలో ఇంకో అబద్ధం ఉంది. పాత మాంసం, కొత్త మాంసం ఒకే గడిలో కలిపితే రెండింటి తాజాదనం సగటు చేస్తుంది. పాతది కాస్త బాగుపడుతుంది, కొత్తది కాస్త దిగుతుంది. మేం దాన్ని తెలివిగా వాడుకునేవాళ్లం. నిజంగా అలా చేస్తే అంతా పోతుంది. ఇప్పపువ్వు పాతదీ కొత్తదీ ఒక కుండలో వేస్తే పాతదాంట్లోని పురుగు కొత్తదాన్ని కూడా తినేస్తుంది. మా కొండరెడ్డి అన్న వాళ్లమ్మ కుండ కడిగి, ఎండలో బోర్లించి, లోపల పొగ పట్టించి గానీ కొత్త పువ్వు పోయదట.

ఆ రంగుల సంగతి కూడా అంతే. ఆటలో పాడైంది ఎర్రగా కనబడుతుంది. నిజం తిండికి ఏ రంగూ ఉండదు. మామిడి టెంకల అంబలి మన అందరిళ్లల్లో తెలిసిందే. టెంక పగలగొట్టి లోపలి జీడి తీసి, ఎండబెట్టి, దంచి, పారే నీళ్లలో వగరు పోయేదాకా కడిగి, అంబలి కాస్తారు. సరిగ్గా చేస్తే వానాకాలమంతా కడుపు నింపుతుంది. వానల్లో జీడికి తడి తగిలి బూజు పడితే మాత్రం విషం. కొన్ని బూజుల విషం ఎంత ఉడికించినా పోదు, కడిగినా పూర్తిగా పోదు. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్ వైపు ఇరవైమందికి పైగా ఆదివాసులు చనిపోయారు. టెంకల అంబలి తిని చచ్చారని అధికారులు అన్నారు. కాదు, ఆకలితో చచ్చారని మిగతావాళ్లు అన్నారు. మేం దాని గురించి చదివి చాలాసేపు వాదించుకున్నాం. మాకైతే ఆ రెండూ వేరు వేరు అనిపించలేదు. ఇంట్లో ఇంకో గింజ ఉంటే బూజు పట్టిన జీడి ఎవరు నానబెడతారు? ఆటలో మేం కూడా చివరి రోజున ఎర్ర రంగు మాంసం తెలిసే తిన్నాం, వేరే ఏం లేదు కాబట్టి. చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాం. జీడి మీద నల్లగానో పచ్చగానో మచ్చ కనబడితే, ముక్కవాసన వస్తే, కడిగితే పోతుందిలే అనుకోకండి. పారేయండి. ఇంట్లో పెద్దవాళ్లకి చూపు తగ్గి ఉంటే మీరు చూసి ఏరండి.

ఇంకోటి, విల్సన్‌కి ఎవరూ లేరు. దొరికిందంతా వాడిదే, అందుకే అంతా నిలవ చేసుకోవాలి. మా తాతల కాలంలో వేటలో ఏదైనా పడితే అదే రోజు ఊరంతా పంచేవాళ్లట. వాటాలు వేసి, ముసలివాళ్లకి, మొగుడు లేని ఆడవాళ్లకి కూడా. మిగిలితేనే దండెం ఎక్కేది. అందుకని మన దండేలు చిన్నవి. ఆట అడవిలో మాత్రం ఆరు రాకులు వేసి, వాటి మధ్య ఒంటరిగా నిలబడ్డ విల్సన్‌ని చూస్తే ఒక్కోసారి జాలేసింది.

మేం అయితే ఆరు రాకులతో చలికాలం దాటేశాం. ముప్పయ్యారో రోజు ఉదయం మంచు కరిగితే నలుగురం గదిలో అరిచాం. వార్డెన్ సార్ వచ్చి తిట్టి వెళ్లారు. ఆ మర్నాటి రోజే వసంతం వానలు మొదలయ్యాయి. వాన పడుతుంటే రాక్ మీద మాంసం ఆరదు, అలాగే వేలాడుతుంది. అది చూసి చింతూరు వాడు అన్నాడు, "అమ్మమ్మది కూడా ఇప్పుడు ఇట్లే అయింది."

సంగతేంటంటే, వాళ్లకి కొత్తగా స్లాబ్ ఇల్లొచ్చింది. పాత పూరిల్లు తీసేశారు. గ్యాసు పొయ్యి వచ్చింది. కట్టెల పొగతో కళ్లు పోగొట్టుకున్న ఆడవాళ్లకి గ్యాసు వద్దని ఏ మొహంతో అంటాం, మేం అనం. కానీ కొత్తింట్లో పొయ్యి పైన తడిక లేదు. వేలాడదీయడానికి వాసం లేదు. స్లాబుకి కొట్టిన ఒకే ఒక్క కొక్కేనికి ఫ్యానుంది. అమ్మమ్మ బయట రేకు కింద మూడు రాళ్లు పెట్టుకుని, పైన తీగ కట్టుకుంది. వాన జల్లు కొడితే తడుస్తుంది. మాకు పంపిన ఆ రెండు మూటలూ ఆ రేకు కిందే, ముసురులో, మాటిమాటికీ లోపలికీ బయటికీ తిప్పుతూ ఆరబెట్టినవట. ఇది మాకు అప్పుడు తెలీదు. తెలిసినా పారేసేవాళ్లమేమో. అబద్ధం చెప్పం.

మొన్న వేసవి సెలవుల్లో నలుగురం కలిసి వాళ్లూరు వెళ్లాం. పాత వెదురు ఉంటే మేమే తడిక అల్లి, రేకు కింద మూడు వైపులా కట్టి, పైన దండెం వేశాం. అల్లడం మా సవర తమ్ముడికి బాగా వచ్చు, మిగతా ముగ్గురం పట్టుకుని నిలబడ్డాం. అమ్మమ్మ చేస్తుంటే నోట్‌బుక్‌లో రాసుకున్నాం. ఉప్పు ఎంత అంటే "సరిపడా" అంటుంది. ఎన్ని రోజులు అంటే "ఆరేదాకా" అంటుంది. చివరికి ఒకడు ఆమె పిడికిలిలోని ఉప్పుని గ్లాసులో పోయించి కొలిచాడు. ఆమె వాడి వంక చూసి, "మీ కాలేజీల ఇదే చెప్తారా?" అంది.

మూడో రోజు సాయంత్రం మూటల సంగతి చెప్పేశాం. ఎవరు చెప్పాలో తేలక నలుగురం ఒకేసారి మొదలుపెట్టాం. ఆమె తునకలు తిరగేస్తూనే వింది. కాసేపాగి, "కుక్కలు తిన్నయా?" అని అడిగింది.

"తిన్నయి అమ్మమ్మా."

"మంచిది" అంది. అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది.

బయల్దేరే రోజు గుడ్డమూట ఇవ్వలేదు. గట్టి మూతున్న స్టీలు డబ్బా ఇచ్చింది, మూత చుట్టూ గుడ్డ బిగించి. "ఈసారి వాసన రాదు, తీస్కపోండి" అంది. బస్సులో కూర్చుని లెక్కపెట్టాం. ముప్పై రెండు తునకలు. ఆట లెక్కన నలుగురికి మూడు రోజులు కూడా రావు. హాస్టల్ పప్పులో ఒక్కో తునక చిదిమి వేసుకుంటూ దసరా దాకా లాగాం. ఊదుబత్తి వెలిగించినవాడు కూడా రెండు తిన్నాడు.